బట్టలు ఎదుగుతాయి, చోటు వదలండి

ఇల్లు కట్టుకునేవాళ్ళందరికీ ఒకటే మాట చెబుతున్నాను, చెవిన వేసుకోండి. ముందు బట్టల గదికి కొలతలు వేయించండి. మిగిలిన చోట్లో మనుషులు ఎలాగోలా సర్దుకుంటారు. వాళ్ళకి సర్దుకోవడం వచ్చు. బట్టలకి రాదు పాపం!

నమ్మరా? అయితే మా ఇంట్లో జరిగింది వినండి.

మావాడు ఉన్న ఫ్లాట్‌నే కొత్తగా మార్పిస్తున్నాడు. వాళ్ళ పడకగదికీ నా గదికీ మధ్య ఒక్కటే గోడ. అది తీసేసి నా వైపు కాస్త జరిగితే, లోపలికి నడిచి వెళ్ళే వార్డ్‌రోబ్ వస్తుందట. బీరువాలోకి మనిషి నడిచి వెళ్ళడమేమిటని నవ్వకండి. మా రోజుల్లో గోడకో చిలక్కొయ్య, గదికి అడ్డంగా ఓ దండెం, మంచం కింద ఓ ట్రంకుపెట్టె. ఇంటిల్లిపాదికీ అంతే. చిలక్కొయ్యకి చొక్కా వేలాడుతుంటే మామగారు ఇంట్లో ఉన్నట్టు, లేకపోతే వీధిలోకి వెళ్ళినట్టు. గట్టిగా నవ్వాలో నోరు మూసుకోవాలో దాన్ని చూసే తేల్చుకునేవాళ్ళం. ఎంత వెనకబడి ఉన్నామో చూశారా!

డిజైనర్ అమ్మాయి వచ్చింది. చలాకీ పిల్ల. కొలతలన్నీ నోటికే వచ్చు. హేంగర్ పట్టాలంటే లోతు రెండడుగులు. ఇద్దరు ఒకరికొకరు తగలకుండా తిరగడానికి మధ్యలో మూడడుగులు. నా గది నేలమీద నీలంరంగు టేపు అంటించి గీత గీసింది.

"ఇదిగో బామ్మగారూ, ఇక్కడివరకే వార్డ్‌రోబ్. మీ మంచం జోలికి రాదు."

రాలేదు కూడా. ఆ వారానికి.

తర్వాత కోడలికి హ్యాండ్‌బ్యాగులు గుర్తొచ్చాయి. వాటిని పడుకోబెడితే ముడతలు పడతాయట, నిలబెట్టాలి. గీత మూరెడు జరిగింది. మావాడికి, లావు తగ్గాక పట్టే ప్యాంట్లున్నాయి. ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నాయి. వాడి మీద అంత నమ్మకం పెట్టుకున్నవాటికి ఓ అరైనా ఇవ్వొద్దూ? గీత ఇంకో మూరెడు. బూట్లకి గాలి ఆడాలట. దాంతో నా కిటికీ కూడా గీతకి అవతలికి వెళ్ళిపోయింది.

"వెలుగు కళ్ళల్లో పడి నిద్ర పట్టట్లేదన్నారు కదా అత్తయ్యా!" అంది కోడలు.

ఎప్పుడో అన్న మాట నిజమే. ఎంత గుర్తు పెట్టుకుంది, చూడండి!

ఆఖరికి డిజైనర్ అమ్మాయి అసలు సూత్రం బయటపెట్టింది. "ఇప్పుడున్నవాటికి సరిపడా కడితే చాలదు సార్. బట్టలు ఎదుగుతాయి. వాటి ఎదుగుదలకి చోటు వదలాలి."

కాదనగలనా? బట్టలు ఏటికేడు ఎదుగుతున్నాయి. నేను ఏటికేడు కుంచించుకుపోతున్నాను. ఎత్తు తగ్గానని డాక్టరే చెప్పాడు. ఎదిగేవాటికి చోటిచ్చి తగ్గేవాళ్ళు జరగడం న్యాయమేగా!

ఈసారి గీత సరిగ్గా నా మంచం మధ్యనుంచి పోయింది. తల నా గదిలో, కాళ్ళు వార్డ్‌రోబ్‌లో పెట్టుకుని పడుకున్నాను. కాళ్ళకి పట్టిన యోగం తలకి పట్టలేదు!

గీత మీద కట్టాల్సిన కొత్త గోడ ఇంకా లేవనేలేదు. అయినా మావాడు టేపు మీదనుంచి అడుగు వేయడు. తలుపు గుర్తు పెట్టినచోటుకి చుట్టూ తిరిగి వచ్చి, "అమ్మా, కాఫీ" అని గ్లాసు అందిస్తాడు. "కాస్త కాళ్ళు ముడుచుకోండత్తయ్యా, నిలువుటద్దానికి అడ్డమొస్తున్నాయి" అంటుంది కోడలు. అద్దం ఇంకా కొననైనా లేదు!

అలా ఉండగా వడ్రంగి వచ్చాడు. గది చూశాడు, గీత చూశాడు, నన్ను చూశాడు.

"మరి ఈ మంచం ఎక్కడికండీ?"

అందరూ ప్లాను మీద పడ్డారు. నాకు మిగిలింది తలుపూ, అది తెరుచుకునేంత చోటూ.

"మంచం కొలత ఎవరూ ఇవ్వలేదు సార్," అంది డిజైనర్ అమ్మాయి.

"అమ్మ చెప్పలేదు మరి," అన్నాడు మావాడు.

"నన్నెవరడిగార్రా? బూట్లనడిగారు, ప్యాంట్లనడిగారు!"

"హాల్లో వేద్దామా?"

"వచ్చేపోయేవాళ్ళ ముందు ఏం బాగుంటుందండీ?" అంది కోడలు.

అప్పుడు డిజైనర్ అమ్మాయి మొహం వెలిగిపోయింది. "ఎదుగుదలకి వదిలిన చోటుంది కదా సార్! కిటికీ పక్కనే. ఆ బట్టలు వచ్చేదాకా బామ్మగారు అక్కడ పడుకోవచ్చు."

మావాడు నా వైపు చూశాడు. తర్వాత ప్లాను వైపు చూశాడు. ప్లానులో బాగానే ఉందన్నాడు.

నిజంగానే బాగుంటుంది! నా కిటికీ నాకే దక్కింది. మనిషి కదిలితే దానంతటదే వెలిగే లైటట. చుట్టూ నాకంటే బాగా ఇస్త్రీ అయినవాళ్ళు. కాలక్షేపానికి కొదవేముంది?

అందుకే చెబుతున్నాను. వార్డ్‌రోబ్ ఎంత పెద్దది కట్టగలిగితే అంత పెద్దది కట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఎదుగుదలకి ఇంకాస్త వదలండి. కోడలు ఆన్‌లైన్‌లో మరీ హుషారుగా కొనకుండా మాత్రం నేను చూసుకోవాలి.

ఇంకొక్క మాట. ఆ వార్డ్‌రోబ్ తలుపుకి పిడి బయటివైపే పెడతారట. లోపల ఉన్నవాటికి బయటికి రావాలని ఉండదు కదా!

మీరు మాత్రం లోపలివైపు కూడా ఒకటి పెట్టమనండి.