రెండు ఉప్పు గట్లు, ఒక దుప్పి

ఒక పెద్ద అడవిలో ఉప్పు మట్టి గట్లు రెండే రెండు. తూర్పుది ఎలుగుబంటిది, పడమటిది ఏనుగుది. ఎవరిచ్చారని మాత్రం అడక్కండి. అడిగినవాళ్ళు ఇప్పుడా అడవిలో లేరు.

నడుమ పచ్చికలో దుప్పుల మంద. దానికి పెద్ద మచ్చలమ్మ. ఎండాకాలం ఉప్పు మట్టి నాకకపోతే బాలింత దుప్పులకి పాలు పడవు, పిల్లలు బతకవు. ఆవిడ దిగులంతా అదే.

ఆ అడవిలో స్నేహానికో పద్ధతుంది. ఎవరితో స్నేహమో వాళ్ళు ఒళ్ళు రుద్దుకునే చెట్టుకే తామూ రుద్దుకుని, ఆ వాసనతో వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి; అప్పుడే గట్టు నాకనిస్తారు. దుప్పులు తరతరాలుగా ఎలుగు చెట్టునే నమ్ముకున్నాయి. అలాంటిది, ఏదో దుప్పిపిల్ల తన ఇప్పపూలు తిందని ఎలుగుబంటి మూడురోజులు గట్టు మూసేశాడు.

మచ్చలమ్మ ఇక ఆగలేదు. నాలుగు అడవులు తిరిగొచ్చానని చెప్పుకునే ఏదుపంది ముళ్ళయ్యని పిలిపించింది.

"మన ఉప్పంతా ఒకడి గుప్పిట్లో ఉంటే ఎలాగమ్మా?" అన్నాడు ముళ్ళయ్య. "కుడి పక్క ఎలుగు చెట్టుకి రుద్దుకోండి, ఎడమ పక్క ఏనుగు చెట్టుకి. ఎవరి దగ్గరికెళితే వాళ్ళ పక్క చూపించండి."

"రెండో పక్క వాసన తగిలితే?"

"గాలివాటు చూసి నిలబడాలి. దాన్నే దౌత్యం అంటారు."

మొదటిరోజు ఏనుగు తొండమెత్తి గట్టిగా తుమ్మాడు. "ఎక్కడిదే ఈ ఎలుగు కంపు?"

"దొరగారికి పడిశం పట్టినట్టుందండీ," అంది మచ్చలమ్మ.

అవతల ఎలుగుబంటీ ముక్కు చిట్లించాడు. "ఏనుగు వాసన వస్తోందేం?"

"గాలి అటునుంచే కదండీ బాబుగారూ!"

నెల తిరిగేసరికి తల్లులకి పాలు పడ్డాయి, పిల్లలు గంతులేశాయి. మంద మొత్తం ఎండ్రకాయల్లా పక్కవాటుగా నడవడం అలవాటు చేసుకుంది. చూసి అడవిపందులు కూడా చెరోపక్కా రుద్దుకోవడం మొదలెట్టాయి. మచ్చలమ్మకి కాస్త గర్వం కూడా వచ్చింది.

ఏనుగు తుమ్ములు రోజురోజుకీ తగ్గి, ఒకనాటికి పూర్తిగా ఆగిపోయాయి. అది చూసి ఆవిడ ఇంకా సంబరపడింది. పిచ్చితల్లి, అక్కడే బోల్తాపడింది!

ఒకరోజు ఇరుకు దారిలో ఏనుగు, ఎలుగుబంటి ఎదురుపడ్డారు. ఒకప్పుడైతే వాసనకే కలబడేవాళ్ళు. ఏనుగు వాసన చూశాడు. ఎలుగూ చూశాడు.

"నువ్వు ఎప్పట్నుంచో తెలిసినవాడిలా ఉన్నావయ్యా," అన్నాడు ఏనుగు.

"నాకూ అలాగే అనిపిస్తోంది!" అన్నాడు ఎలుగుబంటి.

రోజూ ఒకరి వాసన ఒకరికి మోసుకెళ్ళి అలవాటు చేసిందెవరో ఇద్దరికీ తట్టలేదు. సాయంత్రానికల్లా రెండు గట్లూ ఉమ్మడి చేసుకున్నారు.

మర్నాడు మచ్చలమ్మ వెళ్ళేసరికి ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఏ పక్క చూపించాలో తెలియక పాపం ఉన్నచోటే నాలుగుసార్లు తిరిగింది.

"నేనండీ, మీ ఇద్దరి స్నేహితురాలిని!"

"ఇప్పుడు మాకు మేమున్నాంగా," అన్నాడు ఏనుగు చాలా మర్యాదగా.

"వారానికోసారి రా. మావాళ్ళు నాకగా మిగిలితే చూద్దాం," అన్నాడు ఎలుగుబంటి.

కొన్నాళ్ళకే పిల్లలు మళ్ళీ వట్టి పొదుగులు చీకడం ఆవిడ చూసింది. నేరుగా ముళ్ళయ్య దగ్గరికి పరుగెత్తింది.

"వాళ్ళిద్దరి మధ్యా చిన్న తగువేదైనా పెట్టవయ్యా, నీకు పుణ్యముంటుంది!"

"తప్పమ్మా, అలా అనకూడదు," అన్నాడు ముళ్ళయ్య. "నిన్నట్నుంచి నేను వాళ్ళ ఉమ్మడి సలహాదారుణ్ణి."

నీతి: పెద్దవాళ్ళు కలిసిమెలిసి ఉండాలని మొక్కుకునే ముందు, మన ఉప్పు ఎవరి దగ్గరుందో ఒకసారి చూసుకోవాలి.