మాలతి పాదాలను తాకిన అల

సముద్రం లేనిదే సాహిత్యం లేదని రాయ్‌పూర్‌లోని మా తెలుగు సమితి ఏకగ్రీవంగా తీర్మానించింది. రాయ్‌పూర్‌కు సముద్రం లేదు. ఆ లోటు తీర్చే బాధ్యతను రైల్వేలో ఆఫీసు సూపరింటెండెంటు గిరిధర్ గారు స్వచ్ఛందంగా నెత్తిన వేసుకున్నారు. వేసవి సెలవు పెట్టి అండమాన్ వెళ్తారు. అక్కడ సేదదీరుతూ రోజుకొక రచన చేసి మా వాట్సాప్ గ్రూపుకు పంపుతారు. తిరిగొచ్చాక సన్మానం. సమితి కార్యదర్శిగా నేను సన్మానానికి ముందే ఒప్పుకున్నాను. పండరీ బట్టల బజారులో టోకున కొన్న శాలువాలు బీరువా నిండా ఉన్నాయి, కప్పించుకునే రచయితలే కరువయ్యారు.

ఆయన వెంట శ్రీమతి మాలతి కూడా బయలుదేరింది. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడి రైల్వే కాలనీలోనే. పుట్టింటివారిది బొబ్బిలి, అత్తవారిది పార్వతీపురం. రైల్వే పాస్ ఉన్న ఇంట్లో పుట్టి కూడా పాపం ఆమె సముద్రం చూడలేదు. బంధువులందరూ సముద్రం రాకముందే దిగిపోవలసిన స్టేషన్లలో స్థిరపడ్డారు మరి.

"ఒక్కసారి కాళ్లు తడుపుకుంటే చాలండి అన్నయ్యగారూ, ఇంకేటీ అక్కర్లేదు," అంది, అక్కడ విమానం అందుకోవడానికి హౌరా బండి ఎక్కుతూ.

ఆమె చుట్టూ ఇండక్షన్ పొయ్యి, కుక్కర్, బియ్యం, కందిపొడి, ఆవకాయ సీసా ఉన్నాయి. మా రైల్వే కుటుంబాలు ఎక్కడికి వెళ్లినా వంటిల్లు కూడా వెంట వెళ్తుంది.

"బయటి తిండి తింటే కడుపు ఖరాబవుద్ది. కడుపు ఖరాబైతే రచన ఖరాబే," అని గిరిధర్ గారు వివరించారు.

ద్వీపం నుంచి మొదటి రచన వచ్చింది. "విషయం: సూర్యోదయం. సూచన: నిన్నటి సూర్యాస్తమయం. పై విషయమై తెలియజేయునది ఏమనగా, ఈ ఉదయం సూర్యుడు సకాలంలో విధులకు హాజరయ్యెను." గ్రూపులో నమస్కారాల బొమ్మలు కురిశాయి. దేవేంద్ర నగర్ సభ్యుడొకాయన "కళ్లకు కట్టారు" అని రాశారు. కంటి ఆపరేషనై ఆయన కళ్లకు అప్పటికి నిజంగానే కట్టు ఉంది. తర్వాత గవ్వల మీద, కొబ్బరిచెట్ల మీద, నిశ్శబ్దం మీద వరసగా వచ్చాయి. నిశ్శబ్దం మీద ఎంత పొడుగ్గా రాశారంటే, చదవడం పూర్తయ్యేలోపు నా ఫోన్లో చార్జింగ్ అయిపోయింది.

అభినందిద్దామని ఒకరోజు ఫోన్ చేశాను. మాలతి ఎత్తింది.

"ఆయన రాస్తన్నారండి. రాసినప్పుడు పిలవకూడదు."

వెనక ఏదో కూత వినిపించింది. ఓడ కాబోలనుకుని పులకించాను.

"సముద్రం ఎలా ఉందమ్మా?"

"వినబడతందండి," అంది.

ఎంత కవితాత్మకంగా చెప్పిందో అని మురిసిపోయాను. సావాసదోషం మంచిదే.

చివరిరోజు వచ్చింది అసలు రచన, 'నా మాలతి పాదాలను తాకిన అల'. అందులో విషయం, సూచన లేవు. ఎక్కడో దూరాన పుట్టిన అల ఆమె పాదాల కోసమే వచ్చిందట. ఆమె చిన్నపిల్లలా నవ్విందట. స్త్రీ హృదయానికి సముద్రమొక్కటే సాటి అట. గ్రూపులో ఆడవాళ్లు ఏడ్చారు. సన్మానం దంపతులిద్దరికీ చేయాలని అప్పటికప్పుడు నిర్ణయించాను.

సభ నిండింది. గిరిధర్ గారు ఆ రచన చదివారు, ఇద్దరికీ శాలువాలు కప్పాం. నేను మాలతిని మైకు దగ్గరకు పిలిచి, "ఆ అల గురించి రెండు ముక్కలు చెప్పమ్మా," అన్నాను.

"నాకో డౌటుందండి," అంది. "సముద్రం నీళ్లు నిజంగానే ఉప్పగుంటాయా?"

ఆమే కొనసాగించింది.

"విమానంలో కిటికీ సీటు ఆయనదేనండి, రాయాలి గదా. అక్కడ పొద్దున్న టిఫిను, మజ్జానం వంట, సాయంత్రం మళ్లీ వంట. ఒక్కర్తినీ వెళ్లొద్దన్నారు, తను పక్కనుండి చూస్తేనే గదా రాసేదన్నారు. ఆఖర్రోజు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. నీ కాళ్ల మీదే రాస్తన్నాను, బస్ పాంచ్ మినిట్, అయిదే నిమిషాలు, కదిలించకన్నారు. రాయడం అయ్యేసరికి ఎయిర్‌పోర్టు కారొచ్చీసింది."

భర్త వైపు చూసింది. "ఆయన రాసింది బాగుందండి. ఆ అలేదో నాకూ చూడాలనుంది."

నిజం చెప్పొద్దూ, నాకు గుండె కలుక్కుమంది. కానీ కార్యదర్శికి గుండె కన్నా కార్యక్రమం ముఖ్యం.

"అది వాస్తవం కాదు, సాహిత్య సత్యం," అన్నారు గిరిధర్ గారు మైకు అందుకుని. శాలువా సర్దుకున్నారు కూడా.

"శ్రీమతి మాలతి గారి హాస్యచతురతకు చప్పట్లు," అన్నాను. గట్టిగానే కొట్టారు. మాలతి తల దించుకుని కూర్చుంది. వచ్చే వేసవికి గిరిధర్ గారు లక్షద్వీప్ వెళ్లి రాయాలని తీర్మానించి, సభ ముగించి, టీలకు కేకేశాను.

హాలు వెనక వంటగదిలోంచి నా భార్య నళిని ట్రే పట్టుకుని, మొహం మీది చెమట కొంగుతో తుడుచుకుంటూ వచ్చింది.

"మీటింగు అయిపోనాదా? లోపలికి ఒక్క ముక్క వినబళ్లేదు. ఏటి చదివారు?"

"స్త్రీ హృదయం గురించి. మగాణ్ణి, నాకే కళ్లు చెమ్మగిల్లాయి. నువ్వు ముందు వరసలో కూర్చుని వినాల్సింది," అన్నాను. ఒక గుక్క తాగి, "పంచదార తగ్గింది," అని కప్పు వెనక్కి ఇచ్చాను.