అత్తగారి మార్నింగ్ షో

ఆ ఉదయం సైకాలజీ లెక్చరర్ పెట్టుకున్న పని ఒక్కటే: ఒక హత్యల సినిమా పూర్తిగా చూడడం. మధ్యాహ్నం కాలేజీలో ఆయన ఉపన్యాసం. విషయం, భయపెట్టే సినిమాలంటే జనానికి అంత ఇష్టమెందుకు అని. ప్రిన్సిపాల్ మెచ్చితే ఉద్యోగం పర్మినెంటు, లేకపోతే ఇంటిదారి. చిక్కల్లా, లెక్చరర్ పుస్తకాలు నమిలి మింగాడే గాని, తెర మీద కత్తి కనిపిస్తే కళ్లు మూసుకునే మనిషి.

అందుకని అత్తగారిని శరణుజొచ్చాడు. ఒక హత్యయినా చూడందే ఆవిడకు పొద్దున కాఫీ రుచించదు. టీవీలో హంతకుడు దిండు పట్టుకోగానే అల్లుడి కళ్లు మూతపడ్డాయి.

"ఏమైంది అత్తయ్యా?"

"కళ్లు పెట్టుకుని నన్నడుగుతారేం బాబూ? ఇలా లాభం లేదు, కింద పడుకోండి. చేసి చూపిస్తా."

హాలు కిటికీ తెర ఆ రోజే ఉతుక్కి వెళ్లింది. పక్కింటాయన అద్దంలోంచి చూసేసరికి, అత్తగారు అల్లుడి గుండె మీద మోకాలు ఆనించి మొహాన దిండు అదుముతోంది. మాటలు బయటికి వినపడవు. "కాళ్లు కొట్టుకోవాలి బాబూ! చచ్చేవాడు అంత బుద్ధిగా ఉంటాడా?" అని ఆవిడ నేర్పుతోంది.

పక్కింటాయన పరుగందుకున్నాడు, పోలీసుల కోసం కాదు, భార్య కోసం. "తొందరగా రావే, అయిపోతుంది!" ఆవిడ ఎదురింటివాళ్లను కేకేసింది. వాళ్లు స్టూలుతో సహా వచ్చారు.

"కాస్త తల వంచండి సార్, వెనక మేం లేమూ?"

"ఎవరైనా తలుపు కొట్టండయ్యా!"

"మీరే కొట్టండి. నేను కదిలితే చోటు పోతుంది."

లోపల అల్లుడు ఊపిరాడక నిజంగానే గిలగిల్లాడాడు. "ఆఁ, ఇప్పుడు కుదిరింది!" అని అత్తగారు మెచ్చుకుంది. ఆయన బలమంతా కూడదీసుకుని దిండు విసిరికొట్టి లేచి కూర్చున్నాడు. కిటికీ నిండా మొహాలు.

"బతికే ఉన్నాడే!" స్టూలు మీది మనిషి ఉసూరుమన్నాడు.

అద్దానికి ముక్కు ఆనించి అందరికంటే ముందున్నది, లెక్చరర్‌ను కారులో తీసుకెళ్దామని వచ్చిన ప్రిన్సిపాల్. లెక్చరర్ కిటికీ తెరిచాడు.

"సార్! తలుపు కొట్టొచ్చుగా?"

"కొడదామనే అనుకున్నానయ్యా. చివరికేమవుతుందో చూసి..." ప్రిన్సిపాల్ నసిగాడు.

మధ్యాహ్నం లెక్చరర్ పుస్తకాల్లోని కారణాలన్నీ పక్కన పెట్టాడు. "మనకూ హత్యకూ మధ్య ఒక అద్దముంటే చాలండీ. అద్దం ఇవతల ఎంత పెద్దమనిషైనా ప్రేక్షకుడే. ఇవాళ పొద్దున మా కిటికీ దగ్గర ముందు వరసలో ఎవరున్నారో తెలుసా..." అంటుండగానే ప్రిన్సిపాల్ దిగ్గున లేచి, ఉద్యోగం పర్మినెంటు చేస్తున్నట్టు ప్రకటించి చప్పట్లు కొట్టాడు.

చివర చూపించకుండానే ఆపేశారని గొణుక్కుంటూ జనం లేచారు.