రెండో ఓనరుగారి కోసం

కొత్త సారంగి కారు మార్కెట్లోకి వచ్చిన సందర్భంగా ఏలూరు, తాడేపల్లిగూడెం ఉభయ పట్టణాల కారు ప్రియుల సంఘం భీమడోలు రైల్వేస్టేషను ఎదుట టీ హోటల్లో అత్యవసరంగా సమావేశమైంది. ఏలూరు సభ్యులు ఇటునుంచీ, గూడెం సభ్యులు అటునుంచీ ప్యాసింజరు రైలెక్కి వచ్చారు. కారు ప్రియులు రైల్లో రావడమేమిటని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. ఆదివారం హైవే మీద దుమ్ము ఎక్కువ. కారంటే నిజమైన ప్రేమ ఉన్నవాడెవడూ దాన్ని ఆ దుమ్ములోకి తీసుకురాడు.

అధ్యక్షులు నరసరాజుగారికి కొల్లేటి అంచున చేపల చెరువులున్నాయి. ఇంట్లో తెల్లకారు ఉంది. చేపల వాసన సోకుతుందని చెరువు దగ్గరికి మోటారుసైకిలు మీదే వెళతారు. కారు సీట్లకు కంపెనీవాళ్ళు తొడిగిన ప్లాస్టిక్ కవర్లు ఇంకా అలాగే ఉన్నాయి. వేసవిలో ఆయన సతీమణి వాటి మీద తువ్వాలు పరుచుకుని కూర్చుంటారు, దిగాక ఆ తువ్వాలు పిండి ఆరేస్తారు. కార్యదర్శి జగ్గారావుగారు గూడెంలో ఉల్లిపాయల వ్యాపారి. స్నానం చేయనిదే కారు తలుపు ముట్టుకోరు. కొట్టు కట్టేసి స్నానం చేశాక ఆయనకు బయట పనేమీ ఉండదు. సాంకేతిక సలహాదారు ఫణికిరణ్ ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తూ, లోకంలోని కార్ల వీడియోలన్నీ చూస్తాడు. ఇంతవరకూ కారు కొనలేదు. కొంటే అభిప్రాయాల్లో నిష్పాక్షికత పోతుందని అతని భయం.

ఈ త్యాగాలన్నీ ఎవరికోసమంటే, రెండో ఓనరుగారి కోసం. అంటే, రేపెప్పుడో కారు అమ్మకానికి పెడితే వచ్చి కొనుక్కునే పెద్దమనిషి. ఆయనెవరో తెలియదు, ఎప్పుడొస్తారో తెలియదు. ఆయనకు తెలుపు తప్ప వేరే రంగు నచ్చదని మాత్రం సంఘానికి కచ్చితంగా తెలుసు. ఆయన వచ్చి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ముక్కు లోపలికి పెట్టి, పెదవి విరిచారంటే ఇక ఆ కుటుంబం తలెత్తుకోలేదు.

ఇంత నిష్ఠ గల సభలోకి ఆ రోజు సుందరరావు మాస్టారు ఒక సొంత పని పెట్టుకుని వచ్చారు.

మాస్టారు ఏలూరులో కాలేజీ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. భార్య పోయాక ఆయనకున్న పెద్దదిక్కు కలిదిండిలో ఉన్న అక్క విక్టోరియా. ఆవిడా టీచరుగా చేసినావిడే. మోకాళ్ళు అరిగిపోయి ఏడాదిగా ఊరు దాటలేదు. ట్రైనింగు రోజుల్లో హాస్టల్లో ఆవిడతో ఒకే గదిలో ఉన్న సత్యవేణిగారు ఇప్పుడు గూడెంలో ఉంటారు. ఇద్దరూ రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారు. సత్యవేణిగారికి కంటినరం దెబ్బతిని చూపు సన్నగిల్లుతోంది. పోయిన చూపు ఇక రాదని డాక్టర్లు చెప్పేశారు. "పూర్తిగా చీకటి పడకముందు ఒక్కసారి నీ మొహం చూపించి పోవే విక్టోరియా" అని ఆవిడ అడిగింది. ఫోను పెట్టేశాక అక్క ఆ పూట అన్నం తినలేదు.

కారు అద్దెకు తెస్తే సరిపోదా అంటే, మాస్టారు తెచ్చి చూశారు. పెద్దకారు ఎక్కడమంటే అక్కకు తాడిచెట్టు ఎక్కినట్టయింది. మాస్టారి పాత చిన్నకారులో కూర్చోవడమంటే నూతిలోకి దిగినట్టయింది. అందులోంచి ఆవిణ్ణి బయటికి తీయడానికి ఇరుగూ పొరుగూ రావలసివచ్చింది. కొత్త సారంగి ఈ రెండింటికీ మధ్యరకం అని విని, మాస్టారు సభ ముందు ఒకే ఒక్క ప్రశ్న పెట్టారు. "మా అక్క ఇందులో ఎక్కి కూర్చోగలదాండీ?"

ప్రశ్న చాలా బాగుందని సభ మెచ్చుకుని, దాన్ని 'ఇతర అంశాలు' కింద చేర్చి, ముఖ్య అంశాల్లోకి ప్రవేశించింది.

మొదటి అంశం కారు మొహం. పాత సారంగి పెళ్ళిచూపులకొచ్చిన కుర్రాడిలా సౌమ్యంగా ఉండేది. కొత్తదానికి లైట్లు సన్నంచేసి, ముందు జాలీ పెద్దదిచేసి, ఎవరో తన చెరువులో వలేసినట్టు కోపంగా తయారుచేశారు. ఇది శుభపరిణామమని అధ్యక్షులు అభిప్రాయపడ్డారు. మొహంలో కోపం ఉంటే లారీవాళ్ళు దారిస్తారట.

తరువాత ఏసీ బొత్తాలు తీసేసి తెర పెట్టడం మీద చర్చ జరిగింది.

"దారి చూస్తూ దీన్ని చూడాలా, దీన్ని చూస్తూ దారి చూడాలాండీ?" అన్నారు జగ్గారావుగారు.

"మీరేం చూడక్కర్లేదండీ, అదే మిమ్మల్ని చూస్తుంది. కునుకు పడితే లేపుతుంది" అన్నాడు ఫణికిరణ్.

"ఆ పని మా ఆవిడ ఇప్పటికే చూసుకుంటోందయ్యా."

కప్పులో కిటికీ పెట్టారని, దాంట్లోంచి ఆకాశం కనబడుతుందని ఫణికిరణ్ విన్నవించాడు. "మన ఆకాశమే కదండీ, చూడందేముందిలెండి" అని సభ తోసిపుచ్చింది. తలుపు వేసినప్పుడు తాటిపండు రాలిన చప్పుడు రావాలా, బియ్యం బస్తా దించిన చప్పుడు రావాలా అన్నదాని మీద సభ రెండుగా చీలింది. ఈలోపు తిరుగు రైలు వచ్చేసింది. ఇతర అంశాలు వాయిదా పడ్డాయి.

మాస్టారు నొచ్చుకునే మనిషి కాదు. టీ బాగుంది, కిటికీ పక్కన సీటు దొరికింది, చాలనుకున్నారు. మర్నాడే షోరూముకు వెళ్ళి, నడిపి చూసుకోవడానికి కారు అడిగారు. ఈ వార్త పొక్కగానే సంఘం తరఫున పరిశీలక బృందం తయారై, కారులో ఉన్న ఖాళీలన్నీ భర్తీ చేసింది. అధ్యక్షులు ముందు, మిగతా ఇద్దరూ వెనక.

ఏలూరు నుంచి కైకలూరు దాకా కొల్లేటి మీదుగా వెళ్ళే దారది. నీళ్ళ మీద గూడబాతులు బారులు తీరి ఉన్నాయి. మాస్టారొక్కరే వాటిని చూశారు. తక్కినవాళ్ళు గుంటల్లో చక్రాలు చేసే చప్పుడు వింటున్నారు. కలిదిండిలో అక్క ఇంటి ముందు కారాగగానే బృందం దిగి, బానెట్ ఎత్తి, ముగ్గురూ అందులోకి తలలు దూర్చారు.

అక్క కర్ర పట్టుకుని మెల్లగా మెట్టు దిగింది. మాస్టారు వెనక తలుపు తీశారు. అది పాత కార్ల తలుపుల్లా సగంలో ఆగలేదు. ఇంటికొచ్చిన చుట్టానికి దారిస్తున్నట్టు పూర్తిగా పక్కకు తప్పుకుంది. అక్క వెనక్కి తిరిగి, తలుపు పైన ఉన్న పిడి పట్టుకుని, ఒక్కసారి కళ్ళు మూసుకుని కూర్చుంది. ఎక్కడ కావాలో సరిగ్గా అక్కడే సీటు తగిలింది. ఒక కాలు, తరువాత రెండో కాలు లోపల పెట్టుకుంది.

"ఒరేయ్ సుందరం! కూర్చున్నాన్రా!"

"కూర్చున్నావక్కా!"

"ఎవరూ పట్టుకోలేదు కదూ?"

"ఎవరూ పట్టుకోలేదక్కా."

మార్పులన్నీ ఏకరువు పెట్టిన కంపెనీ పుస్తకంలో ఈ తలుపు సంగతి గానీ, సీటు ఎత్తు సంగతి గానీ ఎక్కడా లేవు. ఆ కంపెనీలో ఏ ఇంజనీరుకో మోకాళ్ళ నొప్పుల తల్లి ఉండి ఉంటుందని మాస్టారు అనుకున్నారు. ఆ తల్లికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నారు.

పరిశీలక బృందం బానెట్లోంచి తలలు తీసేసరికి ఈ ఘట్టం ముగిసిపోయింది. అక్క మాత్రం దిగలేదు. "ఈ రంగు కూడా బాగుందిరా. లేత అరటాకులా ఉంది. ఇదే తీసుకో" అంది.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నరసరాజుగారు గొంతు సవరించుకుని, అక్కడికక్కడే ప్రసంగించారు.

"అమ్మా, మీరు పెద్దవారు. కారన్నది మన సొంతం కాదమ్మా. మనం కేవలం ధర్మకర్తలం. దాన్ని మచ్చ పడకుండా, వాసన రాకుండా కాపాడి, రెండో ఓనరుగారి చేతుల్లో పెట్టేవరకే మన బాధ్యత. ఆకుపచ్చ కారుతో ఆయన ముందు మాస్టారు ఎలా నిలబడతారో ఒక్కసారి ఆలోచించండి. పైగా వచ్చే ఏడు వెనక లైట్లు మారుస్తున్నారట. అప్పుడు తెల్లది తీసుకుంటే అందరికీ క్షేమం."

"ఆ రెండో ఆయన మీ చుట్టమా బాబూ?" అని అడిగింది అక్క.

"ఎవరో ఇప్పుడెలా తెలుస్తుందమ్మా!"

మాస్టారు ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పినవారు కాదు. ఆ రోజు మాత్రం "వచ్చే ఏటికి లైట్లు మారతాయేమోనండీ, సత్యవేణిగారి కళ్ళు ఆగవు" అన్నారు. ఆ వారమే అరటాకు రంగు సారంగి కొనేశారు. రాబోయే తరాల ఓనర్ల పట్ల ఇంతటి బాధ్యతారాహిత్యం ఉభయ పట్టణాల చరిత్రలో లేదని సంఘం తీవ్ర విచారం వ్యక్తం చేసింది.

ఆ సాయంత్రం మాస్టారికి నరసరాజుగారు ఫోను చేశారు.

"మాస్టారూ, తీర్మానం సంగతి మనసులో పెట్టుకోకండి. మీరు పెద్దగా తిప్పరు కదా. మూణ్ణాలుగేళ్ళకు తీసేసేటప్పుడు ముందు నాకే చెప్పాలి. ఆ ప్లాస్టిక్ కవర్లు మాత్రం తియ్యకండేం."

"ఆకుపచ్చది కదండీ రాజుగారూ!"

"మనకి రంగుదేముందండీ!"

ఆయన పెట్టేసిన కాసేపటికి జగ్గారావుగారు చేశారు. "కొత్తకారు ఎవరు కొంటారండీ మతిపోయి! మీలాంటి పద్ధతైన మనిషి వాడింది దొరకడమే అదృష్టం. మాట నాకే ఇవ్వాలి. రాజుగారికి తెలియనివ్వకండి." భోజనాల వేళకు ఫణికిరణ్ చేశాడు. తాను మొదటినుంచీ ఈ కారు కోసమే ఎదురు చూస్తున్నానని, రెండో ఓనరుగా చేరితే నిష్పాక్షికతకు భంగం ఉండదని చెప్పాడు.

ఎవరో తెలియదన్న పెద్దమనిషి ఇలా ఒక్క సాయంత్రంలో ముగ్గురై ఫోను చేస్తారని మాస్టారు అనుకోలేదు. ముగ్గురికీ "అలాగేనండీ" అన్నారు. మెత్తటి మనిషి కదా, కవర్లు కూడా తియ్యలేదు.

శనివారం కలిదిండి వెళ్ళి అక్కను ఏలూరు తీసుకొచ్చారు. దారి పొడుగునా అక్క ఆ ప్లాస్టిక్ మీద ఇటు జారి అటు జారి, రెండు చేతులతో పిడి పట్టుకునే కూర్చుంది. "సీటు మెత్తగానే ఉందిరా, దానికీ నాకూ మధ్యలో ఎవరో ఉన్నట్టుంది" అంది ఇల్లు చేరాక. మాస్టారు కత్తెర తెచ్చారు. కవర్లు చరచరా చిరిగిన చప్పుడుకు పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూసి, పాపం భార్య పోయిన మనిషి అనుకుని ఊరుకున్నారు.

ఆదివారం పొద్దున్నే అక్క లేచి కొర్రమేను పులుసు పెట్టింది. సత్యవేణిగారు హాస్టల్లో ఉన్నప్పుడు ఈ పులుసు కోసం కాచుకు కూర్చునేవారట. గిన్నెకు గుడ్డ కట్టి, ఒళ్ళో పెట్టుకుని బయలుదేరింది. గుండుగొలను దాటేవరకూ అంతా సవ్యంగానే నడిచింది. భీమడోలులో స్పీడుబ్రేకరు వచ్చింది. గిన్నె వాలింది. సగం పులుసు కొత్త సీటు మీదికి వెళ్ళి, తాపీగా లోపలికి ఇంకిపోయింది.

"అయ్యో, ఎంత పని చేశాన్రా! కొత్తకారురా!" అక్క కొంగుతో అద్దబోయింది.

మాస్టారు కారు పక్కకు తీసి ఆపారు. ఆపిన చోటు సరిగ్గా టీ హోటలు ముందు. లోపల వారపు సమావేశం జరుగుతోంది. కారును చూడగానే ముగ్గురు కాబోయే ఓనర్లూ ఎవరికి వారే హడావిడిగా బయటికొచ్చారు. ముగ్గురూ కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. ముగ్గురూ ముక్కులు లోపలికి పెట్టారు.

కొర్రమేను పులుసు వాసన అంటే మామూలు వాసన కాదు. ఇంట్లో వండితే వీధి చివర ఆకలి పుడుతుంది. సీటులో ఇంకితే ఆ బండి ఉన్నంతకాలం ఉంటుంది.

"కవర్లు తీసేశారా మాస్టారూ?" అన్నారు రాజుగారు, చావు కబురు విన్నట్టు.

"తీసేశానండీ."

జగ్గారావుగారు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తనకు వేరే కారు చూసి పెట్టినవాళ్ళున్నారని, మాస్టారు తన మాట మరిచిపోయినా ఫరవాలేదని అన్నారు. అదేం మాటని రాజుగారు అడిగారు. మీ మాటేమిటని ఆయన అడిగారు. ఇద్దరూ కలిసి ఫణికిరణ్ వంక చూశారు. సభ ఆ తరువాత బాగా వేడెక్కిందని అంటారు గానీ, అప్పటికి మాస్టారు కారు తీసేశారు.

"ఏవిట్రా నవ్వుతావ్? సీటు పాడైపోతే!" అంది అక్క.

"ఇక దీన్ని ఎవరూ కొనరక్కా. మొత్తం మనదే."

గూడెంలో సత్యవేణిగారు వరండాలోనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. అక్క తలుపు తెరుచుకుని, ఒక కాలు, తరువాత రెండో కాలు కింద పెట్టి, తనంతట తానే దిగింది. సత్యవేణిగారు అక్క మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, కిటికీకి మొహం ఆనించి వీధి చూసినట్టు దగ్గరగా, చాలాసేపు చూశారు.

"ముసలిదానివైపోయావే!"

"అయితే నీకు బాగానే కనబడుతోందన్నమాట."

"కనబడకపోయినా తెలుస్తుందిలే. పులుసు తెచ్చావు కదూ?"

"సగమే తెచ్చానే. తక్కిన సగం కారు తాగేసింది."

మిగిలిన సగం ముగ్గురికీ సరిపోయింది.

ఆ మరుసటి ఆదివారం సంఘం ఆ కారుకు సంతాపం తెలిపి, రెండు నిమిషాలు మౌనం పాటించింది. తరువాత సభ్యులు ఎవరి రైలు వారు ఎక్కి, ఇళ్ళకు పోయి, తమ కార్ల మీది గుడ్డ ఒక మూల ఎత్తి చూసుకున్నారు. మచ్చ లేదు, వాసన లేదు, ఎవరూ కూర్చున్న జాడ లేదు. తృప్తిగా గుడ్డ దించేశారు. వాళ్ళను చూసి మనం నవ్వుకోవచ్చు. కాకపోతే ఆ నవ్వేదేదో కాస్త మెల్లగా నవ్వుకుందాం. మన ఇళ్ళలో మంచి కంచాలూ, మంచి దుప్పట్లూ, మడత విప్పని పట్టుచీరలూ బీరువాలో నిద్రపోతున్నాయి. వాటి పక్కనే పడుకున్న మన రెండో ఓనరుగారికి మెలకువ వస్తే బాగుండదు.