చేతులు కత్తిరించబడును

అందరూ “రేపు మాస్టారు” అని పిలిచే దర్జీగారు ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే: సాయంత్రం నాలుగింటి దాకా ఏ పనీ పెట్టుకోకుండా కుదురుగా కూర్చోవడం. దుకాణం ఊడ్చారు. కత్తెరలు తుడిచి వరసగా పెట్టారు. టేపు మెడలో వేసుకున్నారు. కొలవడానికి మనుషులెవరూ లేరు కాబట్టి కత్తిరింపు బల్లనే ఒకసారి కొలిచారు. ముప్పై ఏళ్ళుగా దాని పొడవు మారలేదు.

నాలుగింటికి పెద్దాసుపత్రిలో కమిటీ కూర్చుంటుంది. మేట్రన్‌గారు మాస్టారి వెబ్‌సైటు తెరిచి వాళ్ళకి చూపిస్తారు. కమిటీ సరేనంటే రెండు వందల పదిమంది నర్సుల కోట్లు కుట్టే పని మాస్టారిది. కాదంటే ఈ నెలాఖరుకి షట్టరు దించేసి, బజారు చివరున్న రెడీమేడ్ కొట్లో ఓ మూల స్టూలేసుకుని ఎవరో కుట్టిన ప్యాంట్లకి అంచులు మడుచుకోవడమే. ఆ కొట్టు యజమాని స్టూలు ఎక్కడ వేస్తాడో కూడా చూపించేశాడు. బట్టలు మార్చుకునే గది పక్కన.

సైటు తయారుచేసింది బావమరిది. మాటలు మాత్రం మాస్టారివే. మేట్రన్‌గారికి అందులో అన్నిటికంటే కింద ఎర్రక్షరాల్లో ఉన్న వాక్యం తెగ నచ్చింది: “చెప్పిన రోజుకే ఇవ్వబడును.”

“మా నర్సులకి కావలసింది అదే మాస్టారూ. కమిటీకి ముందు ఆ ముక్కే చూపిస్తాను,” అన్నారావిడ ఫోన్లో. పక్కన కూర్చుని కాజాలు కుడుతున్న మాస్టారి భార్యకి పొలమారింది. రేపు మాస్టారు అన్న పేరు ఊరికే వచ్చింది కాదు మరి.

ఎనిమిదిన్నరకి నీలం కోటు అమ్మాయి వచ్చింది. కోటు వేసుకుని కాదు, కోటు కోసం. లైనింగు మార్చమని చలి మొదట్లో ఇచ్చింది. ఇప్పుడు చలి సగానికి పైగా గడిచిపోయింది.

“మాస్టారూ, కోటు?”

“ఆఖరి చెయ్యి పడాలమ్మా. రేపు.”

“నిన్న కూడా రేపే అన్నారు.”

“అది నిన్నటి రేపు. ఇది ఖాయం.”

ఆ అమ్మాయి నిట్టూర్చి, గోడమేకుకి వేలాడుతున్న తన కోటుని ఆసుపత్రిలో చుట్టాన్ని పలకరించినట్టు ఒకసారి తడిమి, చేతులు రుద్దుకుంటూ ఆఫీసుకి వెళ్ళిపోయింది. ఏదో కంప్యూటర్ కంపెనీలో జనం ఫిర్యాదులకి జవాబులిచ్చే ఉద్యోగమట. ఏ కంపెనీ అని మాస్టారు ఎన్నడూ అడగలేదు. అడిగితే మాట పెరుగుతుంది, పెరిగిన మాట తిరిగి తిరిగి కోటు దగ్గరికే వస్తుంది.

తొమ్మిదింటికి బావమరిది ఫోను.

“బావా, కొంప మునిగింది. సైటు పోయింది.”

“ఎక్కడికి పోయింది?”

“పోలేదు, ఆపేశారు. మన సైటుకి చోటు అద్దెకిచ్చిన హోస్టింగ్ కంపెనీ వాళ్ళు. మనం వాళ్ళ నిబంధనలు మీరామట.”

“ఏ నిబంధనలు?”

“చేరేటప్పుడు ఒప్పుకున్నాం కదా. నలభై పేజీలు.”

“నువ్వు చదివావా?”

“అవి చదవడానికి కాదు బావా, ఒప్పుకోవడానికి.”

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. బావమరిది కంపెనీ పంపిన ఉత్తరం చదివాడు. ఆరో నిబంధన ప్రకారం మనుషుల అవయవాలు కోయడం, కుదించడం, అందుకు ధరలు ప్రకటించడం నిషిద్ధం. మీ సైటులో ఈ కింది వాక్యాలు గుర్తించాం: “పొడుగు చేతులు కత్తిరించబడును. మెడ కోరినంత లోతుగా కోయబడును. కాళ్ళు గంటలో పొట్టి చేయబడును. పిల్లలవైతే సగం ధర.” చివరి వాక్యం దృష్ట్యా విషయాన్ని పైఅధికారులకి పంపుతున్నాం.

“ఓరి నీ! చేతులంటే చొక్కా చేతులురా! ఆ మాత్రం తెలియదా వాళ్ళకి?”

“మనిషైతే తెలిసేది బావా. చదివింది మిషను.”

“మిషనా? ముప్పై ఏళ్ళుగా నా దగ్గరా ఉంది మిషను. ఏనాడూ నోరెత్తలేదు.”

“జవాబు రాద్దాం, నువ్వు చెప్పు.”

మాస్టారు గొంతు సవరించుకున్నారు. జీవితంలో ఆయన రాయించిన ఉత్తరాలు రెండో మూడో. అందుకని కాస్త హుందాగా చెప్పారు. “అయ్యా, నేను ముప్పై ఏళ్ళుగా ఇదే వృత్తిలో ఉన్నాను. ఇక్కడ సగం మంది చేతులు నేను కత్తిరించినవే. పెద్దపెద్ద అధికారుల మెడలు నా కత్తెర కిందకి వచ్చాయి. ఇంతవరకు ఒక్కరూ నోరు మెదపలేదు.”

పావుగంటలో జవాబొచ్చింది. “మీ ఒప్పుకోలు నమోదు చేశాం. సహకరించినందుకు ధన్యవాదాలు.”

దాంతో మాస్టారికి ఒళ్ళు మండింది. ఇక హుందాతనం పక్కన పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పారు. బావమరిది ఉన్నది ఉన్నట్టే రాశాడు. “మీరు చేసింది అన్యాయం. నా పొట్ట కొట్టారు. నమ్మించి గొంతు కోశారు. నిలువునా ముంచారు. నా భార్య నోట్లో మట్టి కొట్టారు.”

ఈసారి పది నిమిషాలే పట్టింది. ఉత్తరం భద్రతా విభాగం నుంచి వచ్చింది. “మీ కుటుంబంపై జరిగిన దాడికి మిక్కిలి చింతిస్తున్నాం. గొంతు గాయాన్ని శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. నీరు ఇంకా పెరుగుతుంటే ఎత్తైన చోటికి చేరుకోండి. మీ భార్యగారు మట్టిని మింగకుండా చూడండి.”

“ఏమండీ, ఏమంటున్నారు వాళ్ళు?” అంది భార్య దారం కొరుకుతూ.

“నిన్ను మట్టి మింగొద్దంటున్నారు.”

“మీతో ముప్పై ఏళ్ళు కాపురం చేశాక కొత్తగా మింగేదేముంది,” అని ఆవిడ మళ్ళీ కాజాలో పడింది.

పదకొండు, పన్నెండు, ఒంటిగంట. బావమరిది రాస్తూనే ఉన్నాడు, మిషను జవాబులిస్తూనే ఉంది. ప్రతి ఉత్తరం చివరా ఒకే మాట, మీ సహనానికి కృతజ్ఞతలు. మాస్టారి దగ్గర అది అయిపోయి చాలాసేపైంది. ఆకలి కూడా వేయలేదు. బల్ల మీద తల ఆన్చి, స్టూలు మీద కూర్చుంటే నడుము ఏ వైపు నొప్పెడుతుందో ఆలోచించుకున్నారు.

రెండింటికి కంపెనీ వాళ్ళు ఒక దారి చూపించారు. మీరు నిజంగా దర్జీ అయితే మీ దుకాణం ఫోటో పంపండి అన్నారు. బావమరిది ఆయాసపడుతూ స్వయంగా వచ్చి, గుమ్మంలో నిలబడి ఫోటో తీశాడు.

“మంచి వెలుతురుంది బావా. ఈ దెబ్బకి తేలిపోతుంది.”

తేలిపోయింది. “ఫోటోలో తలలు లేని మొండేలు రెండు, తాడుకి వేలాడుతున్న చేతులు పదకొండు గుర్తించాం. సాయంత్రం నాలుగు గంటలకి మీ ఖాతా శాశ్వతంగా తుడిచివేయబడును. అంతకుముందు ఒక ఉద్యోగి మీతో మాట్లాడతారు.”

మాస్టారు దుకాణం చుట్టూ చూశారు. తలల్లేని దర్జీ బొమ్మలు రెండూ ఎప్పుడూ ఉండే చోటే ఉన్నాయి. కుట్టడానికి సిద్ధంగా తాడు మీద వేసిన చొక్కా చేతులు లెక్కపెట్టారు. పదకొండే.

“పన్నెండోది ఏదే?” అన్నారు నీరసంగా.

“ఇదిగో, నేను కూర్చున్నాను దాని మీద,” అంది భార్య.

“నా వల్ల కాదు. ఆ రెడీమేడ్ కొట్టాయనకి ఫోను చేసి వస్తున్నానని చెప్పేస్తాను.” భార్య సూది పక్కన పెట్టింది. మాస్టారికి దాంతో ఇంకా భయమేసింది.

మూడింటికి ఫోను మోగింది.

“నమస్కారమండీ, హోస్టింగ్ కంపెనీ నుంచి. మీ ఫైలు నా దగ్గరికొచ్చింది.”

“మిషనా, మనిషా?”

“మనిషినే.”

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. “అమ్మా, తల్లీ! చేతులంటే మనిషి చేతులు కాదమ్మా...”

“చేతులంటే ఏంటో, మెడంటే ఏంటో నాకు తెలుసు. అవన్నీ కొట్టేశాను. గొంతు గాయం కూడా తీసేశాను. ఆరో నిబంధన మీకు వర్తించదు.”

“చల్లగా ఉండు తల్లీ!”

“చల్లగానే ఉన్నాను మాస్టారూ. కోటు లేదుగా.”

మాస్టారు ఫోను చెవి దగ్గర్నుంచి తీసి ఒకసారి చూసి, మళ్ళీ పెట్టుకున్నారు. గోడమేకుకి నీలం కోటు వేలాడుతోంది.

“నువ్వా అమ్మాయ్! ముందే చెప్పొచ్చు కదా! మన మనిషివే. అయితే సైటు వచ్చేసినట్టే.”

“రాలేదు. తొమ్మిదో నిబంధన ఒకటుంది. నిజం కాని మాట చెప్పి జనాన్ని నమ్మించకూడదు. మీ సైటులో కింద ఎర్రక్షరాల్లో ఒక వాక్యం ఉంది చూడండి.”

“అది... మాటవరసకి పెట్టిందమ్మా.”

“చేతులు, కాళ్ళు మిషను తప్పుగా చదివింది. ఇది మాత్రం దాని కంటికే ఆనలేదు. మీ సైటు మొత్తంలో నిబంధన మీరిన వాక్యం ఇదొక్కటే. సాక్ష్యం కూడా ఉంది. మీ గోడకి వేలాడుతోంది.”

బావమరిది గొంతు తగ్గించి, “తీసేద్దాం బావా ఆ ముక్క, నిమిషం పని,” అన్నాడు. మాస్టారు తల అడ్డంగా ఊపారు. అది తీసేస్తే మేట్రన్‌గారు కమిటీకి చూపించడానికి ఇంకేం మిగులుతుంది? కోరినంత లోతుగా కోసే మెడలా?

“అమ్మా, నాలుగింటికి ఆసుపత్రి కమిటీ ఉంది. ఆ వాక్యం కోసమే వాళ్ళు నాకు పని ఇవ్వబోతున్నారు. కాస్త చూడు తల్లీ, ఎప్పటికి తేలుస్తావు?”

“ఆఖరి చెయ్యి పడాలి మాస్టారూ. రేపు.”

ముప్పై ఏళ్ళలో ఆ మాట ఆయన అవతలి వైపు నుంచి వినడం అదే మొదలు. ఇన్నేళ్ళుగా గుమ్మంలో నిలబడి ఈ మాట విని వెళ్ళిపోయిన వాళ్ళంతా ఒక్కసారి కళ్ళముందు కనబడ్డారు. పాపం, వాళ్ళు తిట్టకుండా ఎలా వెళ్ళారో అనిపించింది.

“రేపు కాదమ్మా,” అన్నారు చివరికి. “ఇవాళే. నీ కోటు మూడూ యాభైకి సిద్ధంగా ఉంటుంది.”

“చెప్పిన రోజుకి ఇస్తే ఆ వాక్యం నిజమేనని రాస్తాను. ఉపకారం కాదు సుమండీ, నేను చూసింది రాస్తానంతే. మా ఆఫీసు రెండు వీధుల అవతలే. నేనే వస్తాను.”

కోటు మేకు మీంచి దిగింది. పాత లైనింగు చర్రున ఊడింది. మాస్టారు కొత్త గుడ్డ పరిచి, సుద్దముక్కతో గీసి, కత్తెర అందుకున్నారు. భార్య అడగకుండానే సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. బావమరిదికి ఇస్త్రీపెట్టె అప్పగించారు. చాలాకాలంగా చూడని వేగం ఆ చేతుల్లో చూసి, “ఇదా సంగతి! మీకు చేతకాకనేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ,” అంది భార్య. మాస్టారు మిషను తొక్కుతూనే ఉన్నారు. నలభై నిమిషాల పనిని సగం చలికాలం మోశానని ఆయనకి అప్పుడే తెలిసింది.

మూడూ నలభైతొమ్మిదికి అమ్మాయి వచ్చింది. వేడి వేడి కోటు తొడుక్కుంది. గుండీలు పెట్టి చూసింది, జేబుల్లో చేతులు పెట్టి చూసింది, లైనింగు అంచు లాగి చూసింది. ఎక్కడా వంక దొరకలేదు. అప్పుడు తన ఫోనులో ఏదో రాసి, “అయిపోయింది,” అంది.

మూడూ యాభైఏడుకి సైటు తెరుచుకుంది. పొడుగు చేతులు, లోతు మెడలు, పొట్టి కాళ్ళు, వాటి కింద ఎర్రక్షరాలు. మాస్టారు వాటిని ఎవరో రాసినవాటిలా రెండుసార్లు చదువుకున్నారు.

భార్య అమ్మాయిని కూర్చోబెట్టి టీ ఇచ్చింది. నాలుగుంబావుకి మేట్రన్‌గారి ఫోను వచ్చింది. మాస్టారు రెండు చేతులతో పట్టుకున్నారు.

“కమిటీ ఒప్పుకుంది మాస్టారూ! రెండు వందల పదీ మీకే. ఆ ఎర్రక్షరాలు చూసి ఇంకెవరూ మారు మాట్లాడలేదు.”

మాస్టారి కళ్ళు చెమర్చాయి. భార్య వైపు చూసి తల ఊపారు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. రెడీమేడ్ కొట్లో స్టూలు ఇక వాళ్ళే ఉంచుకోవచ్చు. టీ గ్లాసు కింద పెట్టి అమ్మాయి కూడా నవ్వుతూ లేచింది.

“కుట్టి చూపించాల్సిన మొదటి కోటుకి గుడ్డ ఇప్పుడే పంపిస్తున్నాను,” అన్నారు మేట్రన్‌గారు. “అదెప్పుడిస్తారు?”

మాస్టారు ఆలోచించి, రోజులు లెక్కపెట్టుకుని, నిజం చెబుదామనే నోరు తెరిచారు. కానీ ముప్పై ఏళ్ళ అలవాటు ఆయన కంటే ముందు నడిచింది.

“రేపు,” అన్నారు.

గుమ్మం దాటబోతున్న నీలం కోటు ఆగి, జేబులోంచి ఫోను బయటికి తీసింది.