కాంట్రాక్టరు ఎవరి తాలూకా?

సోంపేట దగ్గర మా ఊళ్ళో జీడితోటల వైకుంఠరావు గారు వంటగది పెంకులు దింపించి శ్లాబు వేయించదలిచారని, కాంట్రాక్టరు యోగ్యతలను విచారించుటకై ముగ్గురు సభ్యులతో సంఘం ఏర్పడిందని ఇందుమూలంగా తెలియజేస్తున్నాం. అధ్యక్షులు వైకుంఠరావు గారే. సభ్యులు ఆయన చిన్నాన్న రామూర్తి గారు, రిటైర్డు హెడ్మాస్టరు నారాయణరావు గారు. వైకుంఠరావు గారి భార్య దేవి గారిని మాత్రం తీసుకోలేదు. రోజూ అందులో వండేది ఆవిడే కాబట్టి నిష్పక్షపాతంగా ఆలోచించలేరని సంఘం భావించింది.

దేవి గారి కోరిక చిన్నదే. పదకొండేళ్ళుగా వానొస్తే ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో పొయ్యికి అడ్డంగా పళ్ళెం పట్టుకుని వండుతున్నారు. ఈసారి జీడిపంట మీద నగ వద్దు, కారని కప్పు చాలన్నారు.

"ఆ కాంట్రాక్టరు ఏసిన శ్లాబొకటి ఎక్కి సూడండి. వానకి కారతందేటో ఆ ఇంట్లో ఆడోళ్ళనడగండి," అని భర్తకు మరీ మరీ చెప్పారు.

అత్తగారు బొడ్డమ్మ గారు అభ్యంతరం తెలిపారు. "అలగడిగితే బాగోదే. ముందు ఎవలి తాలూకానో, ఎవలికి సుట్టమో కనుక్కోనీ."

విచారణ కఠినంగా సాగింది. కాంట్రాక్టరు ఢిల్లీరావు గారి తాత పేరు టెక్కలిలో, అత్తవారి ఇంటిపేరు నందిగాంలో రాబట్టారు. బీడీ తాగరని ఒక టీకొట్టాయన, పిలిస్తే ఏ పెళ్ళీ మానరని ఇద్దరు పురోహితులు సాక్ష్యమిచ్చారు. సిమెంటులో ఇసుక ఎంత కలుపుతారన్న ప్రశ్న నారాయణరావు గారి నోటిదాకా వచ్చింది గానీ, ఈలోగా టీ వచ్చింది.

ఆయన కట్టిన ఇల్లు చూడలేదని రేపు ఎవరూ అనకూడదు. హరిశ్చంద్రపురం వెళ్ళి మరీ చూశారు. ఆ రోజు వాన. ఇంటివారు అతిథులకు పశువుల శాలలో కుర్చీలు వేశారు. ఇంటిల్లిపాదీ మంచాలతో సహా అక్కడే ఉన్నారు. శాల ఎంతో పొడిగా ఉందని సంఘం మెచ్చుకుని, కోడికూరతో భోంచేసింది.

ఆ భోజనాల దగ్గరే అసలు ఆధారం దొరికింది. ఢిల్లీరావు గారు బొడ్డమ్మ గారికి దూరపు పెదనాన్న మనవడు. అంటే వైకుంఠరావు గారికి బావ. ఇక వేరొకరిని చూడటం అనవసరమని, కాగితం రాయించుకోవడం బంధుత్వానికి అవమానమని ఏకగ్రీవంగా తీర్మానించారు.

శ్లాబు వేసిన నాడు నారాయణరావు గారు ప్రసంగించారు. "ఇనుము తుప్పు పడుతుంది. సిమెంటు బీటలు తీస్తుంది. బంధుత్వం ఒక్కటే నాయనలారా, ఏ ఇంజనీరూ వేలు పెట్టి చూపలేని కట్టడం." అందరూ చప్పట్లు కొట్టారు.

మూడో వారంలో వాన పడింది. పెంకులు రెండే చోట్ల కారేవి. శ్లాబు ఎక్కడా పక్షపాతం చూపలేదు.

కబురు పెడితే ఢిల్లీరావు గారు మిఠాయి పొట్లంతో వచ్చి ముందుగదిలో కూర్చున్నారు. "కొత్త శ్లాబు సెల్లీ. ఓ రెండేళ్ళు నీళ్ళు తాగుతాది. తాగనీ," అన్నారు. నోరారా బావా అని పిలిచినవాణ్ణి నిలదీయడం ఎలాగో తెలియక వైకుంఠరావు గారు ఆయనకు బట్టలు పెట్టారు. ఆ పూట విందు దేవి గారు గొడుగు కింద వండారు. ఆవిడకు ఏడుపొచ్చింది. ఆ తడిలో ఎవరూ గమనించలేదు.

పోయిన వారం నందిగాం నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. వాళ్ళూ ఇల్లు బాగుచేయిస్తున్నారట, ఢిల్లీరావు గారి గురించి వాకబు చేస్తున్నారట.

"మా బావే," అన్నారు వైకుంఠరావు గారు.

"ఒక్కపాలి వంటింట్లోకొచ్చి పైకి సూడండి బాబూ," అన్నారు దేవి గారు.

"ఆడోళ్ళ వంటింట్లోకి మేమేటొత్తాం తల్లీ. మరియాద కాదు."

దేవి గారు లోపలికి వెళ్ళి, పొద్దుట్నుంచి కప్పు కారి నిండిన బకెట్టు మోసుకొచ్చి వారి ముందు పెట్టారు. "ఇదీ ఆయన పని," అన్నారు.

పెద్దమనుషులు చాలా సంతోషించారు. ఆ నీళ్ళతో కాళ్ళు కడుక్కుని, అడక్కుండానే నీళ్ళిచ్చే ఇంటివారి బంధువు ఎలా ఉంటాడో వేరే చెప్పాలా అనుకుంటూ వెళ్ళి, మర్నాడే పని అప్పజెప్పారు.

మీరు నవ్వుతున్నారు, మంచిదే. మీ ఇంటికి శ్లాబు వేసినాయన ఊరు, ఇంటిపేరు, అత్తవారి వైపు చుట్టాలు మీకు ఎలాగూ కంఠతా వచ్చే ఉంటాయి. ఆయన వేసిన ఇంకో శ్లాబు ఎక్కడుందో కాస్త చెబుతారా?