ముడి మీద శాలువా

సన్మానాన్ని మించిన సంక్షేమ పథకం ఈ లోకంలో ఇంకోటి లేదు! కాదనేవాళ్లు చేతులెత్తండి. ఎత్తారా? దించకండి, చప్పట్లకు పనికొస్తాయి.

ఆలోచించండి. మనిషికి పని ఇవ్వాలంటే నిధులు కావాలి, ఫైలు కదలాలి, ఎవడో సంతకం పెట్టాలి. శాలువాకు ఏం కావాలి? రెండు భుజాలు! ఎవరివైనా పర్లేదు. కడుపు మాడిన మనిషికి కప్పితే డొక్క కనిపించదు. మూలపడ్డ బస్సుకు కప్పితే అది వారసత్వ సంపద అవుతుంది. రోడ్డు మీద గుంతకు కూడా కప్పొచ్చు. ఆ ఆలోచన ఇంకా ఎవరికీ రాకపోవడం విచారకరం!

నమ్మకపోతే సిరిసిల్లలో దశరథం సంగతి వినండి.

దశరథం సాంచ నడిపే మనిషి. మా వైపు మరమగ్గాన్ని సాంచ అంటారు. ఆర్డర్లు లేక అతని సాంచ ఆగింది. ఆగిన సాంచ పక్కన చేతులు కట్టుకుని కూర్చోవడం అతని వల్ల కాలేదు. నూలు చుట్టిన చేతికి రాగి తీగ ఒక లెక్కా అనుకుని, నూలు కండెలు చుట్టే పాత యంత్రాన్ని విప్పాడు. దానికి కుట్టుమిషన్ మోటారు తగిలించాడు. చుట్లు లెక్కపెట్టడానికి పాత కాలిక్యులేటర్ కట్టాడు. తీగ బిగువుగా రావడానికి దాన్ని రెండు బొంతగుడ్డ ముక్కల మధ్య నుంచి లాగాడు. అయిపోయింది, గిటార్ పికప్ చుట్టే మిషన్!

పికప్ అంటే కంగారు పడకండి. కరెంటు గిటార్ తీగల కింద ఉండే చిన్న పెట్టె అది. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ వేల చుట్లు. అది బాగుంటేనే స్పీకర్ పలుకుతుంది. లేకపోతే గిటార్ ఉత్త కట్టె.

ఆదిలాబాద్‌లో పెళ్లి బ్యాండులో వాయించే అంబదాస్ గిటార్ అట్లాగే కట్టె అయిపోయింది. బ్యాండు పని మీద సిరిసిల్ల వచ్చి, ఈ మిషన్ గురించి విని, దశరథం ముందు కూర్చున్నాడు. వాళ్ల వైపు అన్నను భావూ అంటారు.

"భావూ, శుక్రారం ఇచ్చోడ ఊళ్ల లగ్గం ఉన్నది. మంచిగ మోగిందనుకో, మా దిక్కు బ్యాండులోళ్ల గిటార్లన్నీ నీకాడికే తోలిస్త. మోగలేదనుకో, నన్నే పందిట్లకెళ్లి తోలేస్తరు!"

దశరథానికి అది పికప్‌లా వినపడలేదు. మళ్లీ పని దొరకడంలా వినపడింది.

సరిగ్గా పికప్ సగం చుట్టాక ఊరికి మంచిరోజు వచ్చింది. ప్రతిభా ప్రోత్సాహక సంఘం అధ్యక్షులు సుధాకర్ గారు శాలువాతో, ఫోటోగ్రాఫర్‌తో, పదిమంది ప్రోత్సాహకులతో ఇంట్లోకి దిగారు.

"జర ఆగుండ్రి సార్, అయిపోవస్తున్నది" అన్నాడు దశరథం.

"నువ్వు చుట్టుకుంటనే ఉండు, మేం కప్పుకుంటనే ఉంటం!" అన్నారు అధ్యక్షులవారు.

ఎంత గొప్ప మాట! పనిని ఆపకుండానే పాడుచేయడం అందరికీ వచ్చే విద్యా?

భుజం మీద శాలువా పడింది. మోచేయి కదిలింది. తీగ పుటుక్కున తెగింది.

మా నేతోళ్ల చెయ్యి సంగతి మీకు తెలియదు. పోగు తెగిందంటే అది బుర్రను అడగదు. రెండు కొసలూ దొరకబుచ్చుకుని రెప్పపాటులో ముడి వేసేస్తుంది. వేసేసింది! ఫోటోగ్రాఫర్ "అబ్బ!" అన్నాడు. ప్రోత్సాహకులు చప్పట్లు కొట్టారు.

దశరథం ముఖం మాత్రం మాడిపోయింది. నూలుకు ముడి వేస్తే బట్ట నడుస్తుంది. ఈ రాగి తీగ మీద కంటికి కనిపించని వార్నిష్ పూత ఉంటుంది. దాన్ని గీకి, కొసలు మెలేసి, టంకం పెడితేనే కరెంటు పారుతుంది. ఉత్త ముడి వేస్తే చూడ్డానికి తీగ కలిసినట్టే ఉంటుంది. కరెంటు మాత్రం ముడి దగ్గరే నిలబడిపోతుంది.

"సార్, గా ముడి ఇప్పాలె. లేకుంటే సప్పుడు రాదు."

"ఇప్పుతవా! గా ముడే కదనయ్యా మన సంస్కృతి! అట్లనే ఉండనియ్యి. సాయంత్రం సభల గదే మోగాలె."

"సంస్కృతికి జర టంకమన్న పెట్టనిస్తరా సారూ?" లోపలి నుంచి అడిగింది దశరథం భార్య అనసూర్య.

పెట్టనివ్వలేదు. వాళ్ల కళ్ల ముందే మిగతాది చుట్టించి, గిటార్‌కు బిగింపించి, సాయంత్రం గిటార్‌తో సహా అంబదాస్‌ను వేదిక ఎక్కించారు. అంబదాస్ తీగలు మీటాడు. స్పీకర్ కిక్కురుమనలేదు. మళ్లీ మీటాడు. అదే మౌనం.

అధ్యక్షులవారు తడబడతారనుకున్నారా? మైకు అందుకున్నారు. "ఇన్నరా! ఎంత ప్రశాంతమైన సంగీతం! శబ్ద కాలుష్యం లేని గిటార్ మన సిరిసిల్లలనే పుట్టింది!" సభ దద్దరిల్లింది. మోగాల్సింది తప్ప అన్నీ మోగాయి!

కిందికి దిగాక అంబదాస్ దశరథం చెవిలో అన్నాడు: "భావూ, నీకు శాలువా దొరికింది. నాకేం దొరికింది? గురారం పొద్దుగూకే దాకా సూస్త. తర్వాత నా తొవ్వ నాది."

ఇంటికొచ్చాక అనసూర్య శాలువా విప్పి మగని ఒళ్లో పడేసింది. "గిది మన ఊళ్ల నేసిందేనా?"

దశరథం అంచు నలిపి చూశాడు. "కాదు. యాడికెళ్లో వచ్చింది."

"మరి మన సాంచ ఊకెనే ఉన్నది గదా?"

"ఉన్నది."

"సాంచను ఊకుంచి, సాంచోనికి బయటి బట్ట కప్పుతున్నరన్నట్టు. మంచిగున్నది ఎవ్వారం!"

దశరథం లేచాడు. శాలువాను కిటికీకి అడ్డంగా కట్టాడు, లోపలికి ఎవరూ తొంగిచూడకుండా. పికప్ విప్పి మొదటి నుంచి చుట్టడం మొదలుపెట్టాడు. మర్నాడు ఇంకో సంఘంవాళ్లు దండలతో వస్తే అనసూర్య గడపలోనే నిలబెట్టింది.

"ఆయనకు సన్మానం పడదు సారూ. దద్దుర్లొస్తయి."

శుక్రవారం ఇచ్చోడ పెళ్లిలో గిటార్ మోగింది. పెళ్లికొడుకు తాత కూడా చిందేశాడట! అంబదాస్ ఇంకో గిటార్ పంపించాడు. మోగని పికప్‌కు సభ జరిగింది. మోగిన పికప్‌కు ఒక్క ఫోటో కూడా లేదు.

అందుకే సన్మానాలు ఆపొద్దని నా డిమాండ్! రోజూ చేయండి. గల్లీకో సభ పెట్టండి, మనిషికో శాలువా కప్పండి. గుంతలను కూడా మరవకండి. కాకపోతే ఆ శాలువాలన్నీ మా సాంచాల మీదే నేయించండి.

నేసే పనిలో పడి దశరథం మీ వేదిక మీదికి రాలేకపోతే, ఏమీ అనుకోకండి!